వయసు 33, చూసినవాళ్లు 22 అంటారు. సీనియర్ పోస్టుల ఇంటర్వ్యూల్లో ఇదే అడ్డమవుతోంది

ల్యాబ్‌కోటు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాకు 33 ఏళ్లు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తర్వాత పదేళ్లుగా మందుల తయారీ కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లోనే పనిచేస్తున్నాను. మొదటి ఆరేళ్లు బెంచి మీద పని, అంటే పరీక్షలు నేనే చేయడం. గత నాలుగేళ్లుగా స్టెబిలిటీ సెక్షన్ (మందు నిల్వలో ఎంతకాలం బాగుంటుందో చూసే విభాగం) నేనే చూసుకుంటున్నాను, ఏడుగురు అనలిస్టులు నాకు రిపోర్ట్ చేస్తారు. ఎత్తు ఐదడుగులు కూడా లేను. గుండ్రటి ముఖం, సన్నటి గొంతు. ఇంట్లో ఐదేళ్ల పాప ఉందని చెప్తే కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. "అదృష్టవంతురాలివి, వయసే తెలియదు" అని అందరూ అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఐదు నెలల నుంచి సెక్షన్ హెడ్, డిప్యూటీ మేనేజర్ స్థాయి పోస్టులకు అప్లై చేస్తున్నాను. ఆరు ఇంటర్వ్యూలయ్యాయి. వాటిలో మూడింటి సంగతి చెప్తాను.

మొదటిచోట రిసెప్షన్‌లో పేరు చెప్పగానే ఒక హాల్లోకి పంపారు. అక్కడ ముప్పై మంది దాకా ఉన్నారు. నా చేతికీ ఒక ప్రశ్నపత్రం ఇచ్చారు. వీళ్ల దగ్గర అందరికీ ముందు రాతపరీక్ష ఉంటుందేమో అనుకుని పది నిమిషాలు రాశాను కూడా. తర్వాత తెలిసింది, అది ఫ్రెషర్స్ డ్రైవ్. ప్యానెల్ ముందుకు వెళ్లేసరికి నేను లేటు. ఆలస్యానికి కారణం చెప్పాలంటే నోరు రాలేదు.

రెండోచోట ముగ్గురు కూర్చున్నారు. నేను కంగారు పడటం లేదు, అయినా పెద్దాయన "కంగారు పడకమ్మా, తెలిసినంత చెప్పు" అన్నారు. తర్వాత మోలారిటీకి నార్మాలిటీకి తేడా ఏమిటి, హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) పనిచేసే సూత్రం ఏమిటి, బఫర్ అంటే ఏమిటి అని అడుగుతూ పోయారు. ముప్పై ఐదు నిమిషాలు ఇవే. అన్నిటికీ సరిగ్గా జవాబిచ్చాను. "చాలా బాగా చెప్పావు" అన్నారు. నాలుగు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది: ఈ పోస్టుకు ఇంకా అనుభవం ఉన్నవాళ్లను చూస్తున్నాం అని. నా పదేళ్ల అనుభవం గురించి ఆ గదిలో ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

మూడోచోట సూటిగానే అడిగారు. "మా టీములో ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లున్నారు. మీరేమో ఇలా ఉన్నారు. మీ మాట వింటారా?" నేను "వింటారండీ" అన్నాను. అంతే. ఇంకొక్క మాట రాలేదు. ఆ రోజు నుంచి ఆ ఒక్క మాటే చెవిలో తిరుగుతోంది.

చేసిన ప్రయత్నాలు: జుట్టు గట్టిగా ముడి వేసుకున్నాను, ముదురు రంగు బట్టలు కుట్టించుకున్నాను, పవర్ లేని కళ్లద్దాలు కొన్నాను. కళ్లద్దాలు అలవాటు లేక ఇంటర్వ్యూ మధ్యలో చెయ్యి మాటిమాటికీ వాటి మీదికే పోయింది.

నా సందేహాలు ఇవి. రెజ్యూమెలో పుట్టిన తేదీ రాస్తే మేలా? "చాలా చిన్నగా కనిపిస్తున్నారు" అన్నప్పుడు ఏమనాలి? నాకు పాప ఉందని మాటల్లో చెప్తే వయసు అర్థమవుతుంది కదా, అలా చెప్పొచ్చా? టెన్షన్ కన్నా ఎక్కువ బాధగా ఉంది. పని రాకపోతే నేర్చుకుంటాను, ముఖాన్ని ఏం చేయను?

---

పాతబల్ల:

ల్యాబ్‌కోటు గారూ, నాకు 51. పదిహేడేళ్లుగా బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను, మీ రంగంలోనే, క్వాలిటీ అష్యూరెన్స్ వైపు. ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. మీరు రాసిన ఆ పెద్దాయన లాంటి పని నేనూ చేశాను.

కొన్నేళ్ల కిందట ఒకే పోస్టుకు ఇద్దరిని ఇంటర్వ్యూ చేశాను. ఒకతను చూడ్డానికి కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు, ఇంకొకతనికి చెంపల దగ్గర నెరిసింది. ఇద్దరికీ దాదాపు సమానమైన సర్వీసు. రెండోవాణ్ణి తీసుకున్నాం. ఆరు నెలల తర్వాత ఫైళ్లు సర్దుతుంటే నా చేతిరాత నోట్సు దొరికాయి. డీవియేషన్ (నిర్ణీత పద్ధతి తప్పిన సందర్భం) మీద ఒకే ప్రశ్నకు ఇద్దరూ ఇంచుమించు ఒకే జవాబిచ్చారు. నెరిసినాయన పేరు పక్కన "స్పష్టత ఉంది" అని రాశాను. కుర్రాడి పేరు పక్కన "బట్టీ పట్టినట్టుంది" అని రాశాను. జవాబు ఒకటే, మార్చింది నా కళ్లు. ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

దీని మీద పరిశోధన కూడా జరిగింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విల్లిస్, టొడొరోవ్ అనే ఇద్దరు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పరిచయం లేని ముఖాన్ని సెకనులో పదోవంతు సేపు చూపించినా జనం ఈ మనిషి సమర్థుడా, నమ్మదగినవాడా అని తేల్చేసుకున్నారు. ఎక్కువసేపు చూపిస్తే ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు, దాని మీద వాళ్ల నమ్మకం మాత్రం పెరిగింది. లెస్లీ జెబ్రోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పసితనం కనిపించే ముఖాల మీద దశాబ్దాలు పనిచేశారు. గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు, చిన్న చుబుకం ఉన్నవాళ్లను చూసి మంచివాళ్లు, అమాయకులు అనుకుంటారు, గట్టివాళ్లని మాత్రం అనుకోరు. కాబట్టి మీరు ఊహించుకుంటున్నది కాదిది. నిజంగానే జరుగుతోంది.

ఇప్పుడు మీ రెండో ఇంటర్వ్యూ దగ్గరికి వద్దాం, అసలు కిటుకు అక్కడే ఉంది. మిమ్మల్ని చూసి వాళ్లు జూనియర్ ప్రశ్నలు అడిగారు. మీరు జూనియర్ ప్రశ్నలకు అద్భుతంగా జవాబిచ్చారు. దాంతో వాళ్ల దృష్టిలో మీరు అద్భుతమైన జూనియర్ అయ్యారు. ఎంత బాగా చెప్పినా ఆ మెట్టు మీదే ఉండిపోతారు. మెట్టు మార్చాల్సింది మీరే, ప్యానెల్ మార్చదు.

ఎలాగంటే, "హెచ్‌పీఎల్‌సీ సూత్రం చెప్పమ్మా" అన్నారనుకోండి. రెండు వాక్యాల్లో చెప్పేయండి. ఊపిరి తీసుకుని వెంటనే, "మా దగ్గర ఇదే పరికరం మీద ఒక సమస్య వచ్చింది, అప్పుడు నేను తీసుకున్న నిర్ణయం ఇది" అని మీ అనుభవంలోకి లాగండి. మూడు నిమిషాల్లో ప్యానెల్లో ఎవరో ఒకరు ముందుకు వంగి "అప్పుడు ప్రొడక్షన్ వాళ్లేమన్నారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే మీరు పై మెట్టు ఎక్కినట్టే. ఫ్రెషర్‌ని ఎవరూ ఆ మాట అడగరు.

సెక్షన్ హెడ్‌ని తీసుకునేటప్పుడు మాకుండే భయం ఒకటే. రాత్రి పదింటికి ఫోన్ చేసి, లారీ గేటు దగ్గర ఉంది, బ్యాచ్ రిలీజ్ చెయ్యి అని ప్రొడక్షన్ హెడ్ అరిస్తే ఈ మనిషి నిలబడుతుందా లేదా? ముఖం పసిగా ఉంటే ఆ భయం రెట్టింపవుతుంది. వయసు చెప్తే ఆ భయం పోదు. మీరు నిలబడ్డ రోజు గురించి చెప్తే పోతుంది.

ఇక మీ సందేహాలు. పుట్టిన తేదీ అక్కర్లేదు. పేరు కిందే మొదటి వరుసలో "స్టెబిలిటీ సెక్షన్ బాధ్యత, ఏడుగురు అనలిస్టులు, పదేళ్ల అనుభవం" అని రాయండి. చాలామంది ప్యానెల్ సభ్యులు అభ్యర్థి కుర్చీలో కూర్చున్నాకే కాగితం తిప్పుతారు, మొదటి పేజీ కిందిసగం కూడా చూడరు. పాప సంగతి మాత్రం దయచేసి ఎత్తకండి. వయసు అనుమానం పోతుందేమో గానీ, లేటుగా ఉండగలదా, సెలవులు ఎక్కువ పెడుతుందా అనే ఇంకో అనుమానం దాని చోట్లోకి వస్తుంది. అది తప్పే, కానీ గదిలో ఉంటుంది. "చిన్నగా ఉన్నారు" అంటే చిరునవ్వుతో "ఈ పనిలోకి వచ్చి పదేళ్లయిందండీ" అని ఆపకుండా పనిలోకి వెళ్లిపోండి. క్షమాపణ చెప్తున్నట్టు ఉండకూడదు, కోపమూ వద్దు.

"మీ మాట వింటారా" అన్నదానికి ఒక సంఘటన సిద్ధం చేసుకోండి. మీకన్నా సీనియర్ అనలిస్టుకు మీరు తప్పు చూపించిన రోజు ఒకటి ఉండే ఉంటుంది.

---

రెండోషిఫ్టు:

నేను ఐసీయూలో నర్సుని, మగవాణ్ణి, 36 ఏళ్లు. వార్డు ఇన్‌ఛార్జి పోస్టుకు మూడుసార్లు వెనక్కి వచ్చాను, నాలుగోసారి వచ్చింది. రోగుల బంధువులు ఇప్పటికీ నన్ను చూసి "పెద్దవాళ్లెవరూ లేరా బాబూ" అంటారు.

గడ్డం పెంచానండీ, ఏమీ మారలేదు. గడ్డం ఉన్న కుర్రాడినయ్యాను. మార్పు వచ్చింది మాట వేగంలో. చిన్నగా కనిపించేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, నాకూ ఉండేది. ఎదుటివాళ్లు నమ్మరేమోనని అన్నీ గబగబా చెప్పేస్తాం. ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలుపెడతాం. అది పరీక్షలో పిల్లవాడు అప్పజెప్పినట్టు వినిపిస్తుంది. ప్రశ్న అయ్యాక రెండు సెకన్లు ఆగడం నేర్చుకున్నాను. మొదట్లో ఆ రెండు సెకన్లు రెండు నిమిషాల్లా ఉండేవి.

ఇంకోటి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. నా ప్రతి వాక్యం చివర గొంతు పైకి లేచేది, ప్రశ్న అడుగుతున్నట్టు. "బీపీ పడిపోయింది, డాక్టర్‌కి చెప్పాను?" అన్నట్టు. వాక్యం చివర గొంతు కిందికి దించితే చాలు. గొంతు సన్నగా ఉండటం సమస్య కాదు. మా సూపర్నెంటు మేడమ్ గొంతు మీకన్నా సన్నగా ఉంటుందేమో, ఆవిడ మాట్లాడితే వార్డంతా నిశ్శబ్దం.

కళ్లద్దాలు వదిలేయండి. అలవాటు లేనిది ఏది పెట్టుకున్నా చేతులు దాని మీదే ఉంటాయి. భుజాల దగ్గర సరిగ్గా సరిపోయే బట్టలు చాలు. వదులుగా ఉంటే మనం ఇంకా చిన్నగా కనిపిస్తాం.

---

నిబంధన_16:

చట్టం వైపు నుంచి ఒక మాట, ఉద్యోగ వివాదాల మీద పనిచేస్తాను కాబట్టి. వయోవివక్ష అంటే పెద్దవాళ్ల సమస్య అనే చాలామంది అనుకుంటారు. అమెరికాలో 1967 నాటి కేంద్ర చట్టం 40 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లనే కాపాడుతుంది. పెద్దవాళ్లకు మేలు చేసి తమను వదిలేశారని వాళ్లకన్నా చిన్నవాళ్లు ఆ చట్టం కింద కేసు వేయలేరని అక్కడి సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. న్యూయార్క్ రాష్ట్ర చట్టం మాత్రం 18 నిండిన అందరికీ వర్తిస్తుంది. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ఏ వయసువాళ్లకైనా వర్తిస్తుంది. అసలు వయసే కాదు, యజమాని ఊహించుకున్న వయసు ఆధారంగా వివక్ష చూపినా అక్కడ తప్పే. మీ విషయం సరిగ్గా ఇదే. ఆస్ట్రేలియాలో 2004 నాటి చట్టం చిన్నవాళ్లకూ పెద్దవాళ్లకూ రెండువైపులా ఉంది.

మీరు కేసు వేయాలని చెప్పడం లేదు. ప్యానెల్ మనసులో ఏముందో నిరూపించడం ఎక్కడైనా కష్టమే. కానీ "మీరేమో ఇలా ఉన్నారు" లాంటి మాట విన్న రోజే తేదీతో సహా రాసి పెట్టుకోండి.

---

ల్యాబ్‌కోటు:

ముగ్గురికీ చాలా థాంక్స్. పాతబల్ల గారూ, మెట్టు గురించి మీరు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ముప్పై ఐదు నిమిషాలూ నేను సరైన జవాబులతోనే ఓడిపోయానన్నమాట.

రెండోషిఫ్టు గారూ, రికార్డు చేసి విన్నాను. గొంతు లేవడం లేదు గానీ ఇంకోటి పట్టుకున్నాను. ప్రతిచోటా "మేం చేశాం, మేం కనుక్కున్నాం" అంటున్నాను. ఏడుగురి కష్టాన్ని నాదిగా చెప్పుకోవడం తప్పనిపిస్తుంది. వినేవాళ్లకు మాత్రం ఆ "మేం"లో నేను ఎక్కడో చివర నిలబడ్డ పిల్లలా ఉంటానేమో.

ఒక సంఘటన రాశాను, చూసి చెప్పండి.

40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచిన శాంపిల్లో ఎన్నడూ లేని ఒక పీక్ (గ్రాఫులో ఒక పదార్థాన్ని చూపే శిఖరం) వచ్చింది, ఇంప్యూరిటీ (మలినం) పరిమితి దాటింది. ఓఓఎస్, అంటే ఫలితం పరిమితుల బయట పడటం. నిజమైతే ఆ మందు షెల్ఫ్ లైఫ్ మీదే దెబ్బ. అనలిస్టు నాకన్నా తొమ్మిదేళ్లు సీనియర్, ఇంకోసారి ఇంజెక్ట్ చేస్తే పోతుంది, రిపోర్టు ఇచ్చేద్దాం అన్నారు. పైనుంచి ఫోన్లు కూడా వచ్చాయి. నేను ఒప్పుకోలేదు. ద్రావణాలేవీ పారబోయొద్దని చెప్పి, తూకాలు, స్టాండర్డు, సిస్టమ్ సూటబిలిటీ (పరికరం సరిగ్గా పనిచేస్తోందా అనే పరీక్ష) అన్నీ ఆయనతో కలిసే చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే పీక్ ప్లాసిబోలో (అసలు మందు కలపని నమూనాలో) కూడా ఉంది. ఫిల్టర్ చేయకుండా సెంట్రిఫ్యూజ్ చేసి చూస్తే లేదు. సిరంజి ఫిల్టర్ల కొత్త లాట్ నుంచి కారుతోందన్నమాట. మందులో ఏ లోపమూ లేదు. ఫిల్టర్ నుంచి వచ్చే తొలి 5 మిల్లీలీటర్లు పారబోయాలని మెథడ్ మార్పించాను. మొత్తం పదకొండు రోజులు పట్టింది. ఆ సీనియర్ తర్వాతి ఓఓఎస్‌కి తనే వచ్చి "మేడమ్, ఏమీ పారబోయలేదు" అన్నారు.

---

పాతబల్ల:

ఇది మీ దగ్గర పెట్టుకుని మోలారిటీ గురించి మాట్లాడి వచ్చారా అమ్మా! (ఈ "అమ్మా" వేరు, ఆప్యాయంగానే అంటున్నాను.)

రెండే మార్పులు. "నేను ఒప్పుకోలేదు" అన్న వాక్యం ముందుకు తెండి, పీక్ సంగతి తర్వాత. నిర్ణయం మీది కాబట్టి అక్కడ "నేను", పని అందరిదీ కాబట్టి అక్కడ "మా అనలిస్టులు" అనండి. అప్పుడు ఎవరి కష్టమూ మీరు తీసుకున్నట్టు కాదు. రెండోది, ఆ సీనియర్ చివర్లో అన్న మాట "వింటారా" అన్న ప్రశ్న కోసం అట్టిపెట్టుకోండి. రెండింటికీ ఒకే కథ వాడకండి.

---

ల్యాబ్‌కోటు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నిన్న ఇంటర్వ్యూ అయింది.

ఈసారి రిసెప్షన్‌లో పేరుతో పాటు "డిప్యూటీ మేనేజర్ పోస్టు ఇంటర్వ్యూకి వచ్చాను" అని ముందే చెప్పాను. కళ్లద్దాలు లేవు. ప్యానెల్లో నలుగురు. మొదటి ప్రశ్న అనుకున్నట్టే వచ్చింది: క్రొమటోగ్రఫీ అంటే ఏమిటి? రెండు వాక్యాలు చెప్పి ఫిల్టర్ సంగతిలోకి వెళ్లాను. మధ్యలో గొంతు వణికింది, ఆగాను, మళ్లీ మొదలుపెట్టాను. చివర కూర్చున్న ఆవిడ పెన్ను కింద పెట్టి, "ప్లాసిబోలో చూడాలని మీకెందుకు అనిపించింది?" అని అడిగారు. తర్వాత నలభై నిమిషాలు అంతా పని గురించే. శాంపిళ్లు ఉంచే చాంబర్ ఆగిపోతే ఏం చేస్తారు, ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే రికార్డు) ఎంత తరచుగా చూస్తారు, ఒకే అనలిస్టు పదేపదే తప్పు చేస్తే ఏం చేస్తారు.

వెళ్లేటప్పుడు ఒకాయన "చూస్తే చాలా చిన్నగా ఉన్నారు" అన్నారు. "పదేళ్లయిందండీ" అన్నాను. "తెలుస్తోంది" అన్నారు.

వచ్చే గురువారం సైట్ హెడ్‌తో రెండో రౌండు ఉంది. పాతబల్ల గారూ, ఆ స్థాయివాళ్లు ఏం అడుగుతారు?

---

పాతబల్ల:

కెమిస్ట్రీ దాదాపు అడగరు. మనుషులు, రోజులు, లెక్కలు. నెలకు ఎన్ని శాంపిళ్లు వస్తాయి, ఒక్కో అనలిస్టు ఎన్ని పూర్తిచేస్తారు, పెండింగు ఎంత, ఇద్దరు ఒకేసారి మానేస్తే ఎలా నడుపుతారు. మీ సెక్షన్ అంకెలు గత ఆరు నెలలవి నోటికి వచ్చేలా చూసుకోండి, కంపెనీ రహస్యాలు బయటపడకుండా. బుధవారం రాత్రి కొత్తగా ఏమీ చదవకండి, త్వరగా పడుకోండి. గురువారం సాయంత్రం ఇక్కడ రాయండి, చూస్తూ ఉంటాను.